టైల్సు ఊడదీసిన గోడ



మీలో ఇళ్ల పనికి పోయేవాళ్లు ఉన్నారు. ఇసుక జల్లిస్తారు. మాలు కలుపుతారు. తట్ట నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తు ఎక్కుతారు. ఏళ్ల తరబడి మేస్త్రి పక్కనే నిలబడతారు. కానీ తాపీ చేతికి రాదు. కూలి కూడా మగవాళ్ల కంటే తక్కువే. ఆడైనా మగైనా ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి మరో రోజు మాట్లాడుకుందాం. ఇవాళ గోడ సంగతి.

స్నానాల గదిలో పాత టైల్సు తీసేసి కొత్తవి వేయిస్తుంటారు. అందరూ టైలు రంగు చూస్తారు, పువ్వు చూస్తారు. వెనకాల ఉన్న గోడను ఎవరూ చూడరు. గోడ మంచిది కాకపోతే ఎంత ఖరీదు టైలైనా నిలవదు.

ఊడదీసే ముందు ఆ గదికి కరెంటు, నీళ్లు ఆపించండి. గోడలో గొట్టం ఎటు పోతోందో ఇంటివాళ్లను అడిగి బొగ్గుతో గీత గీయండి. టైలు పెంకు కత్తిలా కోస్తుంది. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు ఉండాలి. కళ్లకు అద్దాలు ఉండాలి. గోడ మీద నీళ్లు చల్లుతూ కొట్టండి, దుమ్ము లేవదు. ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు. మాస్కు అడగండి. అడగడానికి సిగ్గెందుకు?

టైల్సు తీశాక అసలు పని మొదలవుతుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా! గోడనూ అలాగే చూడాలి. తాపీ పిడితో జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోండి. గట్టిగా మోగితే గిలాబా ఇటుకను పట్టుకునే ఉంది. డొల్లగా మోగితే లోపల వదిలేసింది. డొల్ల ఉన్నంత మేరా ఇటుక కనిపించేదాకా కొట్టెయ్యాలి. "ఈ కాస్తకేముందిలే" అంటారు కొందరు మేస్త్రులు. ఆ కాస్తే తర్వాత పది టైల్సును లాగేస్తుంది.

ఒక ఇంట్లో ఇలాగే అయింది. పాత టైల్సు నడుం ఎత్తు వరకే ఉన్నాయి. కొత్తవి పైకప్పు దాకా కావాలన్నారు. పై సగం గోడకు సున్నం ఉంది. మేస్త్రికి తొందర. సున్నం గీకలేదు. దాని మీదే మాలు పెట్టి టైల్సు అతికించాడు. ఆరు నెలలకు ఓ రాత్రి పై వరసలన్నీ ఊడి పడ్డాయి. అదృష్టం, గదిలో ఎవరూ లేరు. "మాలు కలిపిన ఆడవాళ్లు సిమెంటు తక్కువ వేశారు" అన్నాడు మేస్త్రి. ఇద్దరు ఆడకూలీలకు ఆ వారం డబ్బులు ఆపేశాడు. వాళ్లలో ఒకామె పడిన టైలు తీసి వెనక్కి తిప్పింది. మాలు టైలుకు గట్టిగా అంటుకునే ఉంది. మాలు మీద తెల్లగా సున్నం పొర ఉంది. "మాలు టైలును వదల్లేదయ్యా, సున్నం గోడను వదిలింది" అంది. ఇంటివాళ్లు చూశారు. మేస్త్రి మాట్లాడలేదు. డబ్బులు ఇచ్చాడు.

కాబట్టి సున్నం, రంగు, పుట్టీ ఏదున్నా గీకాలి. పాత మాలు గడ్డలు ఉలితో తీయాలి. సబ్బు జిడ్డు కడగాలి. తెల్లగా ఉప్పు పొంగుతుంటే ఆ గోడకు ఎక్కడినుంచో తడి వస్తోందన్నమాట. ముందు ఆ తడి ఎక్కడిదో చూడాలి. గొట్టం కారుతుంటే బాగు చేయించాలి. లేకపోతే కొత్త పని కూడా పాతదానిలాగే పాడవుతుంది.

ఇటుక బయటపడిన చోట సందుల్లో వదులు మాలు గీకి, చీపురుతో దులిపి, నీళ్లు చల్లండి. 1 పాలు సిమెంటు, 4 పాళ్లు ఇసుక కలిపి గిలాబా చెయ్యాలి. మందం అర అంగుళం చాలు. గుంట లోతుగా ఉంటే రెండు సార్లుగా నింపండి. గజం బద్ద ఆనించి ఎత్తుపల్లాలు చూడండి. గుండు వేలాడదీసి గోడ నిలువు చూడండి. పైన నున్నగా మెత్తకండి. గరుకుగా ఉంచి గీతలు గీయండి. నున్నటి గోడ మాలును పట్టదు. పాత గోడ గట్టిగా ఉండి నున్నగా ఉంటే దానికీ ఉలితో గాట్లు పెట్టాలి.

ఇసుకలో మట్టి ఉందా? గాజు గ్లాసులో కాస్త ఇసుక, నీళ్లు పోసి కలిపి కదపకుండా ఉంచండి. మట్టి ఉంటే ఇసుక పైన వేరే పొరగా తేలుతుంది. అది మందంగా ఉంటే ఆ ఇసుక వద్దు. సముద్రపు ఇసుకా వద్దు, అందులో ఉప్పు ఉంటుంది.

ఇక సిమెంటు బస్తా. చదువు వచ్చినవాళ్లకు ఇక్కడ పని ఉంది. బస్తా మీద బరువు 50 కిలోలని ఉంటుంది. ఏ వారంలో, ఏ సంవత్సరంలో తయారైందో కూడా అచ్చు వేసి ఉంటుంది. వారం అంకె 10 అంటే ఆ ఏడాది పదో వారం, అంటే మార్చి నెల. 3 నెలలు దాటిన సిమెంటుకు బలం తగ్గుతుంది. చేత్తో నలిపినా గడ్డ చితక్కపోతే అది పనికిరాదు. కలిపిన మాలు అరగంటలో వాడెయ్యాలి. గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పోసి కలిపితే చూడ్డానికి మాలే, బలం ఉండదు.

ఇప్పుడు టైల్సు అతికించే సిమెంటు వేరే బస్తాల్లో వస్తోంది. మామూలు మాలు అయితే మట్టి టైల్సును ముందు నీళ్లలో నానబెడతాం. ఈ బస్తా పొడికి సాధారణంగా నానబెట్టక్కర్లేదు. నీళ్లు ఎన్ని పొయ్యాలో, ఎంతసేపట్లో వాడాలో దాని మీదే రాసి ఉంటుంది. అలవాటు చొప్పున కలపకండి. కూడబలుక్కునైనా చదివి కలపండి.

గిలాబా అయ్యాక 7 రోజులు తడపాలి. పూటపూటా తడపాలి. తర్వాత ఆరనివ్వాలి. రోజులు లెక్క తప్పకుండా మొదలుపెట్టిన తేదీ గోడ మీదే బొగ్గుతో రాయండి. తడుపుతుంటే చెరిగిపోతే మళ్లీ రాయండి. టైల్సు వేసే రోజున ఆ బొగ్గును తుడిచెయ్యాలి.