రోగమును ఎరిగిన దేహము

జహీరాబాదు పరిసరములలో పొలము గట్లమీద నడచినవారిలో కాలికి తుమ్మముల్లు గ్రుచ్చుకొననివారు అరుదు. ఒకవైపు ఎఱ్ఱనేల, ఇంకొకవైపు నల్లరేగడి, నడుమ తుమ్మచెట్లు. ముల్లు గ్రుచ్చుకొనును, పిన్నీసుతోనో, మరియొక ముల్లుతోనో దానిని తీసివేయుదుము, మరల పనిలో పడుదుము. అంతటితో ఆ సంగతి ముగిసినదని తలంతుము. నిజమునకు అది అప్పుడే ఆరంభమగుచున్నది. ఆ ముల్లు వెంట నడచి, మన దేహము రోగమును ఎట్లు ఎదుర్కొనునో, ఎట్లు జ్ఞాపకముంచుకొనునో, ఏ సందర్భమున జ్ఞాపకముంచుకొనజాలదో నేడు విచారింతము.

గోలకొండ కోటకు ప్రాకారము వెనుక ప్రాకారము ఉన్నట్లే మన దేహమునకును వరుసగా రక్షణలు కలవు. మొదటిది చర్మము. చర్మము లేని చోట్ల వేరు ఏర్పాట్లు ఉన్నవి. ముక్కులోని చీమిడి దుమ్మును, సూక్ష్మజీవులను పట్టి ఉంచును. కన్నీటిలో సూక్ష్మజీవులను కరగించు పదార్థమొకటి కలదు. దానిని కనుగొన్నవాడు అలెగ్జాండర్ ఫ్లెమింగ్; 1922లో ఆయన దానిని ప్రచురించెను. మనము మ్రింగిన సూక్ష్మజీవులలో అనేకములు జీర్ణాశయములోని ఆమ్లమున నశించును. ముల్లు చేయు పని ఈ మొదటి గోడకు కన్నము వేయుట. ఆ కన్నము చిన్నదే. అయినను ముల్లు మొనపై ఉన్న వేలకొలది సూక్ష్మజీవులకు అది సింహద్వారమే.

కొన్ని గంటలలో ఆ చోటు ఎఱ్ఱబడును, వెచ్చనగును, వాచును, సలుపును. ఇవి రోగ లక్షణములని మనము విసుగుకొందుము. కాని ఇవి రక్షణ లక్షణములు. అచటి రక్తనాళములు వెడల్పై, వాని గోడలనుండి తెల్లకణములు బయటికి వచ్చి గాయమును చేరును. ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరునకు సుమారు 4,000 నుండి 11,000 వరకు తెల్లకణములు ఉండును. వానిలో పెద్ద భాగము ఇట్టి తొలి పోరాటమునకే నియుక్తమైనవి. అవి సూక్ష్మజీవులను మ్రింగి, జీర్ణించుకొని, తామును మరణించును. మనము అసహ్యించుకొను చీము చాల వరకు మన కొరకు పోరాడి చనిపోయిన ఈ కణములే.

ఈ సంగతి లోకమునకు తెలిసినదియు ఒక ముల్లు మూలముననే. 1882లో ఇటలీ దేశపు మెస్సీనా నగరమున ఇల్యా మెచ్నికాఫ్ అను రష్యన్ శాస్త్రజ్ఞుడు అద్దమువలె పారదర్శకమైన నక్షత్రచేప పిల్లలలో గులాబీ ముండ్లు గ్రుచ్చి ఉంచెను. మరునాటి ఉదయమున సూక్ష్మదర్శినిలో చూడగా, చలించు కణములు ముల్లును అన్ని వైపుల నుండి చుట్టుముట్టి యుండెను. దేహము రోగమును ఊరక సహించు పాత్ర కాదనియు, తానై ఎదురుతిరుగుననియు ఆయన సిద్ధాంతీకరించెను. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఇక రెండవ ఘట్టము. పాదమునకు గాయమైన రెండు మూడు దినములకు గజ్జలలో బిళ్ళ కట్టుట మనము ఎరుగుదుము. గాయము పాదమున నుండగా గజ్జలలో నొప్పి యేల? గాయము వద్దనుండి కొన్ని కణములు సూక్ష్మజీవుల తునకలను మోసికొని, రసనాళముల గుండ అచటి గ్రంథికి చేరును. ఆ గ్రంథి మన ఊరి రచ్చకట్ట వంటిది. వార్త తెచ్చినవారు అచట దానిని అందరి ముందు పెట్టుదురు. అచటి లింఫోసైట్లు అను తెల్లకణములలో ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారమును మాత్రమే గుర్తింపగలదు. లక్షలలో ఏ కొలది కణములకో ఆ తునక సరిపోవును. సరిపోయిన కణము ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగును. గ్రంథి ఉబ్బుటకు ఇదియే ప్రధాన కారణము.

ఇట్లు పెరిగిన కణములు రెండు తెగలు. బి కణములనునవి ప్రతిరక్షకములను తయారుచేయును. అవి రక్తములో ప్రవహించుచు శత్రువునకు అంటుకొని దానిని నిర్వీర్యము చేయును, లేదా మ్రింగు కణములకు పట్టి యిచ్చును. టి కణములనునవి ఇతర కణములకు ఆదేశములిచ్చును. వైరసు చొచ్చిన మన సొంత కణములను గుర్తించి చంపును. టి కణములకు శిక్షణ రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో జరుగును. తనవారిపై చేయిచేసికొను కణములను అచటనే చాల వరకు ఏరివేయుదురు. ఈ ఏరివేత చాలనిచో దేహము తన్ను తానే శత్రువుగా భావించును. కొన్ని కీళ్ళవాతములు, బాల్యమున వచ్చు మధుమేహము అట్టివే.

ఈ రెండవ సేన మొదటిసారి సిద్ధమగుటకు వారము దినములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పట్టును. ఆ వ్యవధిలో రోగము ముదురవచ్చును; అపాయమంతయు ఆ ఆలస్యములోనే ఉన్నది. రోగము తగ్గిన పిదప ఆ కణములలో అధిక భాగము నశించి, కొన్ని మాత్రము మిగిలి, ఏండ్ల తరబడి వేచియుండును. అదే శత్రువు మరల వచ్చెనేని అవి త్వరలోనే మేల్కొని సేనను నిలుపును.

ఈ విషయము జహీరాబాదు ప్రాంతపు రైతు మహిళలకు వేరుగా చెప్పనక్కరలేదు. 1983లో స్థాపితమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు పస్తాపూరు పరిసర గ్రామములలో జొన్న, కొర్ర, సామ, సజ్జ, కంది విత్తనములను వేపాకు, బూడిద కలిపి బుట్టలలో దాచి, తరువాతి కారునకు విత్తుచు వచ్చిరి. వారు జరుపు పాత పంటల జాతర ప్రసిద్ధము. 2008లో మాచునూరున సంఘం రేడియోను ప్రారంభించినదియు వారే. 2019లో వారి కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వారి ఈక్వేటర్ బహుమతి లభించినది. పంట నంతయు ఎవరును దాచరు. పిడికెడు విత్తు దాతురు. వాన పడిననాడు ఆ పిడికెడే పొలము నిండును. దేహమును అట్లే చేయుచున్నది.

ఆ విత్తు ఎంతకాలము నిలుచును? 1846లో అట్లాంటిక్ సముద్రములోని ఫారో దీవులలో తట్టు వ్యాధి చెలరేగినది. డెన్మార్కు ప్రభుత్వము పంపగా అచటికి వెళ్ళిన పానమ్ అను యువ వైద్యుడు ఒక వింత గమనించెను. 1781లో బాల్యమున తట్టు వచ్చి బ్రతికిన వృద్ధులకు ఆ వ్యాధి మరల సోకలేదు. అరువది ఐదేండ్ల వెనుకటి శత్రువును వారి దేహములు మరువలేదన్నమాట. మశూచికము విషయమున మన పెద్దలకును ఇది తెలిసినదే. 1796 మే 14న ఎడ్వర్డ్ జెన్నర్ ఆవులకు వచ్చు తేలికయైన మశూచికపు రసమును ఒక బాలునికి ఎక్కించి, రోగము రాకుండగనే ఆ జ్ఞాపకమును కలిగింపవచ్చునని చూపెను. మన దేశమున మశూచికము 1975లో అంతరించినది. 1980 మే 8న ప్రపంచమంతట నిర్మూలనమైనట్లు ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించినది.

ఇంతవరకు విన్నవారికి ఒక ఆలోచన కలుగవచ్చును. రోగము వచ్చి పోయినచో చాలును, దేహము తానే నేర్చుకొనును గదా అని. మేమును చిన్నతనమున అట్లే అనుకొంటిమి. మా పెద్దనాయన పాదమునకు నాగలి కర్రు తగిలి గాయమైనది. ఇంటివారు పేడ, పసుపు కలిపి పట్టు వేసిరి. వారములో గాయము మానినది. పదియవ నాడు ఆయన రొట్టె నమలబోగా దవడలు బిగుసుకొన్నవి. పిదప మెడ, వీపు బిగుసుకొని దేహము వింటివలె వంగినది. ధనుర్వాతమను పేరు ఎందులకు వచ్చినదో ఆనాడు మాకు అర్థమైనది. చీకటి గదిలో, చిన్న చప్పుడునకు సైతము వణకుచు, ఆసుపత్రిలో నెల దినములు గడపి ఆయన బ్రతికి బయటపడెను. ఇంటికి పంపునప్పుడు వైద్యుడు టీకా వేయబోగా, "ఒకపారి వచ్చిపోయిన రోగం మళ్ళెట్ల వస్తది? నాకు సూది వద్దు" అని ఆయన చేయి వెనుకకు తీసికొనెను. వైద్యుడు ప్రక్కన కూర్చుండి, ఈ రోగము మాత్రము మనిషికి ఏమియు నేర్పి పోదని ఓర్పుతో చెప్పి, ఆ తరువాతనే టీకా వేసెను.

ఆ మాట నిజము. ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవి మట్టిలో, పశువుల పేడలో నిద్రాణమై ఏండ్ల తరబడి ఉండును. గాలి సోకని లోతైన గాయమున అది మేల్కొని ఒక విషమును పుట్టించును. ఆ విషము ఎంత తీవ్రమైనదనగా, మనిషిని చంపుటకు చాలినంత విషము దేహమునకు పాఠము నేర్పుటకు చాలదు. జ్ఞాపకము ఏర్పడుటకు ముందే ప్రాణము మీదికి వచ్చును. బ్రతికినవానికి రక్షణ కలుగదు, రెండవసారియు రావచ్చును. కావున దేహమునకు ఈ పాఠము నేర్పగలిగినది టీకా ఒక్కటే. ఆ విషమునే రసాయనముతో చచ్చుపరచి, ఆకారము చెడకుండ ఉంచి ఎక్కింతురు. పాము కోరలు పెరికి పిల్లలకు చూపినట్లు దేహము శత్రువు రూపమును చూచి నేర్చుకొనును గాని హాని పొందదు.

పూర్వము ఈ వ్యాధి పురిటిండ్లలో మరింత ఘోరముగ నుండెడిది. శుభ్రము కాని కత్తితో బొడ్డు కోసినప్పుడు, బొడ్డుపై పేడయో బూడిదయో పెట్టినప్పుడు శిశువునకు ధనుర్వాతము సోకి, పాలు త్రాగలేక కొలది దినములలో మరణించెడిది. గర్భిణికి టీకా వేసినచో ఆమె రక్తములోని ప్రతిరక్షకములు మావి గుండ శిశువునకు చేరును. తల్లి జ్ఞాపకము బిడ్డకు కవచమగుచున్నది. ఈ టీకాల వలనను, ఆసుపత్రి కానుపుల వలనను, 2015లో మన దేశమున బాలింతల, శిశువుల ధనుర్వాతము ప్రజారోగ్య సమస్యగా తొలగినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినది. అయినను మట్టిలోని ఆ జీవి ఎచటికిని పోలేదు. మశూచికము మనిషినుండి మనిషికి వచ్చునది గనుక అంతరించినది. ఇది నేలలో నుండునది గనుక అంతరించదు. ప్రతి తరము మరల నేర్చుకొనవలసినదే.

జ్ఞాపకము చెదరు సందర్భములును కలవు. ధనుర్వాతపు టీకా రక్షణ ఏండ్లు గడచిన కొలది తగ్గును. అందుచేతనే శిశువునకు ఆరు, పది, పదునాలుగు వారములలో వేసిన పిదప, రెండవ యేట, ఐదారేండ్లకు, పదియవ యేట, పదునారవ యేట మరల వేయుదురు. తట్టు వ్యాధి మరియొక విధమున దొంగ. అది తన్ను గూర్చిన జ్ఞాపకమును మిగిల్చి, ఇతర రోగముల జ్ఞాపకమును తుడిచివేయును. టీకా పొందని పిల్లలపై జరిగి 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, తట్టు వచ్చినవారు అంతకుముందున్న ప్రతిరక్షకముల వైవిధ్యములో 11 నుండి 73 శాతము వరకు కోల్పోయినట్లు తేలినది. విత్తనపు బుట్టకు పురుగు పట్టినట్లే. తట్టు పోయిన నెలల తరువాత బిడ్డ వేరొక జ్వరముతో ఏల క్షీణించునో దీనివలన కొంత బోధపడును.

ఇక ఆహారము మాట. "జొన్నరొట్టె తిన్న ఒంటికి సూదులెందుకు?" అని మన ప్రాంతమున తరచు విందుము. ఈ మాటలో సగము సత్యము కలదు. ప్రతిరక్షకములు మాంసకృత్తులతో నిర్మితములు. తిండి చాలని శిశువునకు థైమస్ గ్రంథి కుంచించుకొనిపోవును. ఎ విటమిను లోపించినచో ముక్కు, గొంతు, ప్రేగులలోని లోపలి పొర చెడి మొదటి ప్రాకారమే బీటవారును. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అచటి పరిశోధనల ఆధారముననే పిల్లలకు ఎ విటమినును పెద్ద మోతాదులో ఇచ్చు పథకము 1970లో దేశమున మొదలైనది. జొన్న, సజ్జలతో కందిపప్పు, తోటకూర, మునగాకు కలిసిన భోజనము సేనకు మంచి దాణా. కాని దాణా తిన్నంత మాత్రమున సేనకు శత్రువు ముఖము తెలియదు. టీకా ముఖమును చూపును, తిండి బలమునిచ్చును. ఒకటి రెండవదాని పని చేయజాలదు. మా పెద్దనాయన జీవితమంతయు జొన్నరొట్టె తిన్నవాడే.

జహీరాబాదునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదు టీకాల తయారీకి పెద్ద కేంద్రమైనది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ వారి హెపటైటిస్-బి టీకా వెలువడినది అచటనే. 2021 జనవరిలో అత్యవసర అనుమతి పొందిన కోవాగ్జిన్ రూపొందినదియు అచటనే. ఇంత చేరువలో తయారగు వస్తువును మన ఇంటి బిడ్డకు అందకుండ చేయునది దూరము కాదు, మన అలసత్వమే.

కావున గాయమైనప్పుడు పేడ, మన్ను పెట్టక, సబ్బుతో, ధారగా పోయు నీటితో కడుగవలెను. ధనుర్వాతపు టీకా వేసికొని పదేండ్లు దాటినచో, మట్టిగాని పేడగాని సోకిన గాయమైనచో ఐదేండ్లు దాటినను, వైద్యుని చూడవలెను. నేటి రాత్రి ఇంటిలోని పిల్లల టీకా కార్డును ఒకసారి తీసి చదువవలెను. విత్తనపు బుట్టను అటకమీదనుండి దింపి ఏటేట చూచుకొను గృహిణికి ఈ పని క్రొత్తది కాదు. పురుగు పట్టినదా, పిడికెడు తగ్గినదా అని ఆమె వాన రాకముందే చూచును. వాన వచ్చిన పిదప వెదకదు.