మా ఇంటి బోలు గిటారు

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంగీతము మీద పది నిమిషాలు మాటాడమని మన కార్యదర్శిగారు మమ్ము కోరారు. మేము విద్వాంసులము కాము. పదవ తరగతి ప్యాసై, రైల్వేలో గుమాస్తాగా చేరి, రశీదులూ వ్యాగన్ల లెక్కలూ వ్రాసుకునేవారము. త్యాగరాజస్వామివారి కీర్తనలను గూర్చి మాటాడే అర్హత మాకు లేదు. మాకు బాగుగా తెలిసిన వాద్యము ఒక్కటే, మా ఇంట్లో ఉన్న గిటారు. కిందటి ఉగాదినాడు ఇదే పందిట్లో అది చేసిన ఆగడము మీలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. దానికి సంజాయిషీ కూడా ఇప్పుడే ఇచ్చుకుంటాము.

ముందు ఆ వస్తువేమిటో మనవి చేస్తాము. మీరు సాధారణముగా చూసే గిటారుకు నడుమ గుండ్రని రంధ్రము, చదునైన పై పలక ఉంటాయి. సినిమా పాటల బృందాలవారు వాయించే విద్యుత్ గిటారు చాలామట్టుకు గట్టి కొయ్య దిమ్మ. మాది ఈ రెండూ కాదు. దూరము నుండి చూస్తే పెద్ద ఫిడేలని భ్రమపడతారు. పై పలక ఉబ్బెత్తుగా ఉంటుంది. ఫిడేలుకు ఉన్నట్లే రెండు ప్రక్కలా వంకర రంధ్రాలుంటాయి. తీగలు గుర్రము మీదుగా పోయి, అడుగున లోహపు పట్టీకి తగులుకొని ఉంటాయి. ఆ గుర్రాన్ని జిగురుతో అతికించరు. తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. లోపలంతా బోలు. జాజ్ అనే అమెరికా సంగీతములో వాడే గిటారు ఇదే.

బొబ్బిలి వీణ ఎరిగిన వారికి ఈ బోలు సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ గొల్లపల్లి పనివారు ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. మేలురకపు జాజ్ గిటారుకు స్ప్రూస్ అనే చలిదేశపు కొయ్య పలకను మందముగా తీసుకొని, ఉబ్బు వచ్చేట్లు లోపలా బయటా చెక్కుతారు. చవుకరకానికైతే పలుచని పొరలను ఒకదానిపై ఒకటి అతికించి అచ్చులో నొక్కుతారు. మాది ఈ రెండవ రకము. జర్మనీ దేశపు హాఫ్నర్ కంపెనీవారిది. గొప్ప చెప్పుకోవడానికి లేదు గాని, మాకు చాలినంత.

అది మా చేతికి వచ్చిన విధము చెబుతాము. నాగపూరులో ఒక ఆంగ్లో-ఇండియన్ పెద్దాయన ఉండేవారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయినవారు. వారి పెన్షను కాగితాల విషయములో సాయము చేయడానికి మేము వారింటికి పోయినప్పుడు, గోడకు ఆనించి ఉన్న ఈ గిటారు కనబడింది. పూర్వము రైల్వే ఇన్‌స్టిట్యూటులో డాన్సులు జరిగిన రాత్రులలో వాయించేవారట. మేము ఆసక్తిగా చూడడము గమనించి, చేతికిచ్చి, వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపారు. అటు తరువాత మూడేళ్ళపాటు, సెలవు దొరికిన ఆదివారమల్లా మూడు గంటలు రైల్లో పోయి పాఠము చెప్పించుకొని వచ్చేవారము. "బాబూ, విన్నవాళ్ళు పాట బాగుందనాలి. గిటారు బాగుందన్నారంటే నీవు ఎక్కడో ఎక్కువ వాయించావన్నమాట" అనేవారు. ఆ మాట అర్థము కావడానికి మాకు చాలాకాలము పట్టింది.

ఆయన పోయిన తరువాత వారి భార్య దాన్ని మాకే ఇస్తానన్నారు. మా ఇంటావిడ స్కూటరు కోసమని కూడబెట్టిన సొమ్ము దానికి చెల్లిపోయింది. "స్కూటరైతే మనలను మోస్తుంది. దీన్ని మనమే మోయాలి" అన్నది ఆవిడ. ఆ మాటకు ఈనాటికీ మా వద్ద జవాబు లేదు.

కొన్న మొదటి వేసవిలోనే బుద్ధి వచ్చింది. చంద్రపూరు ఎండలు మీకు చెప్పాలా? మే నెలలో నలభై ఆరు, నలభై ఏడు డిగ్రీలు మనకు మామూలే. మేము గిటారును పెట్టెలో పెట్టి, అటక మీద, డాబా కప్పుకు ఆనుకొనేట్లు ఉంచి, పెళ్ళికని పది రోజులు మంచిర్యాల పోయాము. తిరిగివచ్చి చూస్తే వెనుక పలక అంచున జిగురు వదలి బెత్తెడు మేర నోరు తెరిచింది. అంతటితో ఆగితే బాగుండేది. మా తెలివి కొద్దీ, బల్లలకూ కుర్చీలకూ వాడే తెల్ల జిగురు పోసి బిగించాము. అతుకు వంకరపోయి, ఏ తీగ మీటినా జుమ్మని రొద చేయసాగింది. చివరకు నాగపూరులో హార్మోనియములు, ఫిడేళ్ళు బాగుచేసే ఒక ముసలాయన, వేడి కత్తితో ఓపికగా ఆ జిగురంతా విడదీసి, తోలూ ఎముకలూ ఉడికించి చేసే పాత జిగురుతో మళ్ళీ అతికించారు. "వాద్యము అంటే మళ్ళీ విప్పవలసి వచ్చే వస్తువు. విప్పడానికి వీలులేని జిగురు వాడకూడదు" అన్నారు. ఎనిమిది నెలలు మా ఇంట గిటారు మోగలేదు. తప్పు పూర్తిగా మాదే.

వాద్యములు ఉన్నవారికి ఉపయోగపడుతుందని కొన్ని జాగ్రత్తలు చెబుతాము. కొయ్య వాద్యానికి గాలిలో తేమ నూటికి నలభై అయిదు నుండి యాభై అయిదు వంతులుంటే సుఖము. మన వేసవి గాలి అందుకు ఎంతో తక్కువ, వానకాలపు గాలి ఎంతో ఎక్కువ. అందుచేత వేసవిలో పెట్టెలో ఒక చిల్లుల సబ్బుపెట్టె ఉంచి, అందులో తడిపి పిండిన స్పంజి పెడతాము. మృగశిర కార్తె రాగానే దాన్ని తీసివేస్తాము. ఎండ తగిలే గోడకు గాని, కూలరుకు ఎదురుగా గాని ఉంచము. తీగలు మార్చేటప్పుడు ఒకటి తీసి ఒకటి వేస్తాము. అన్నీ ఒక్కసారి తీస్తే గుర్రము జారిపోయి శ్రుతి స్థానాలు చెడిపోతాయి.

ఇక దీని చరిత్ర. అమెరికాలో మిషిగన్ రాష్ట్రములోని కలమజూ అనే ఊళ్ళో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన పందొమ్మిదవ శతాబ్దము చివర, ఫిడేలు పద్ధతిలో పలక చెక్కి గిటార్లు చేయనారంభించారు. 1902లో ఆయన పేరిట కంపెనీ వెలసింది. ఫిడేలు రంధ్రాలతో ఎల్-5 అనే గిటారును 1922లో ఆ కంపెనీవారు తెచ్చారు. డోళ్ళూ బాకాలూ మ్రోగే బృందములో మైకు లేకుండా వినబడడమే దాని పని. 1936లో అదే కంపెనీ తీగల కింద అయస్కాంతము, తీగచుట్ట అమర్చి విద్యుత్ గిటారు చేసింది. చార్లీ క్రిస్టియన్ అనే నీగ్రో యువకుడు 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందములో చేరి, గిటారుతో కూడా సాక్సఫోనువలె పాటను నడిపించవచ్చునని చూపి, 1942లో ఇరవై అయిదేళ్ళకే కన్నుమూశాడు.

ఈ సంగీతము మనకు పరాయిదని కొట్టివేయడానికి వీలులేదు. బొంబాయి హోటళ్ళలో జాజ్ వాయించిన గోవా వాద్యకారులే హిందీ సినిమా వాద్యబృందాలలోనూ వాయించారు. తెలియకుండానే మన చెవులకు అది అలవాటైంది. 2016లో కాలధర్మము చెందిన కార్ల్‌టన్ కిట్టో కలకత్తాలో దశాబ్దాల తరబడి జాజ్ గిటారు వాయించి, నేర్పించారు. విశ్వమోహన్ భట్ గారు ఈ ఉబ్బెత్తు పలక గిటారుకే మరికొన్ని తీగలు చేర్చి మోహన వీణగా మార్చి, 1994లో గ్రామీ బహుమతి పొందారు. ఫిడేలు మాత్రము మనదా? ద్వారం వెంకటస్వామినాయుడుగారు విజయనగరములో వాయించిన తరువాత దాన్ని పరాయి వాద్యమనే సాహసము ఏ తెలుగువాడికీ లేదు. పాలకొల్లు బిడ్డ శ్రీనివాస్ మాండొలినును కచ్చేరీలకెక్కించారు. వాద్యానికి ఊరు లేదు, వాయించేవాడి ఊరే దాని ఊరు.

ఇప్పుడు కిందటి ఉగాది సంగతి. మా అమ్మాయి మరాఠీ బడిలో చదువుతున్నది. ఇంట్లో తెలుగు మాటాడుతుంది గాని, అందులో సగము మరాఠీ. దానికి మొదటి నుండి చివరిదాకా నోటికి వచ్చిన తెలుగు ఒక్కటే, మా అమ్మ ఊయల దగ్గర పాడిన లాలిపాట. మా అమ్మ రెండేళ్ళ క్రిందట కాలము చేసింది. ఆ పాట ఏ పుస్తకములోనూ మాకు కనబడలేదు. అమ్మ గొంతులో ఉండేది, ఇప్పుడు మనుమరాలి గొంతులో ఉన్నది. అది పాడుతూ ఉంటే మేము గిటారుతో సహకారము ఇవ్వాలని ఏర్పాటు.

గిటారుకు యంత్రము తగిలించి, పెద్ద స్పీకరును మా వీపు వెనుకనే పెట్టుకున్నాము. అక్కడ వచ్చింది చిక్కు. బోలు గిటారు పై పలక పలుచన. స్పీకరు ధ్వని ఆ పలకను కదిలిస్తుంది, పలక తీగలను కదిలిస్తుంది, ఆ కదలిక మళ్ళీ స్పీకరులోకి పోతుంది. ఇట్లు తిరిగి తిరిగి అది కేకగా మారుతుంది. పాట రెండవ చరణములో ఉండగా మా గిటారు ఇంజను కూతవలె అరిచింది. సభలో నవ్వులు చెలరేగాయి. అమ్మాయి పాట ఆపి వేదిక దిగిపోయింది. ఇంటికి వెళ్ళాక, "నాన్నా, నీ గిటారు నానమ్మ పాటను తినేసింది" అన్నది. ఆ తరువాత నెలలకొద్దీ ఆ పాట నోట పలకలేదు.

కేకకు మందులున్నాయి. స్పీకరును ఎదురుగా పెట్టకుండా దూరముగా, ప్రక్కకు పెట్టాలి. మందర ధ్వని తగ్గించాలి. బి.బి. కింగ్ అంతటివాడు గిటారు రంధ్రాలలో గుడ్డ కూరేవాడు. మేము అవన్నీ చేసి చూశాము. యంత్రము దారికి వచ్చింది. అమ్మాయి రాలేదు. అప్పుడుగాని గార్డుగారి మాట మా బుర్రకెక్కలేదు. కూత పెట్టకపోయినా ఆనాడు మేము పాటను మింగుతూనే ఉన్నాము. నేర్చిన స్వరగుచ్ఛాలన్నీ, నాలుగేసి అయిదేసి తీగలతో, సాదా లాలిపాట మీద కుమ్మరించాము. గమకము కదలవలసిన చోట మా స్వరాలు అడ్డుపడ్డాయి.

కౌంట్ బేసీ బృందములో ఫ్రెడ్డీ గ్రీన్ అనే గిటారు వాద్యకారుడు ఉండేవాడు. 1937లో చేరి, 1987లో చనిపోయేవరకు, సుమారు యాభై ఏళ్ళు వెనుక కూర్చుని తాళపు నడక మాత్రమే వాయించాడు. తన గిటారుకు యంత్రము తగిలించుకోలేదు, ముందుకు వచ్చి తన ప్రతాపము చూపాలని తాపత్రయపడలేదు. చాలాసార్లు ఒకటి రెండు తీగలే పలికించేవాడు. అయినా ఆ బృందానికి నడక ఆయనదే. వెస్ మాంట్‌గొమరీ అని మరొకాయన పగలు ఫ్యాక్టరీ పని చేసుకుంటూ, పొరుగువారికి నిద్రాభంగము కాకూడదని బొటనవ్రేలితో మెత్తగా మీటడము అలవాటు చేసుకున్నాడని చెబుతారు. రైల్వే క్వార్టర్లలో ఉండే మాకు ఈ ఉపాయము బాగా నచ్చింది.

యంత్రము తీసివేసి, రాత్రి భోజనాలైన తరువాత, బొటనవ్రేలితో, షడ్జమ పంచమాలు మాత్రము పలికిస్తూ లాలిపాట నడక వాయించసాగాము. పాట వాయించలేదు, నడక మాత్రమే. పది పన్నెండు రోజులు గడిచాయి. ఒకనాడు లోపల మంచము మీద నుండి సన్నగా పాట వినబడింది. మేము తల త్రిప్పి చూడలేదు. వాయిస్తూనే ఉన్నాము.

సోదరులారా, మనలో పలువురి ఇళ్ళలో హార్మోనియములు, వేణువులు అటకల మీద ఉన్నాయని మేము ఎరుగుదుము. వాటిని క్రిందికి దించండి. గొప్పగా వాయించనక్కరలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు పాడుతూ ఉంటే వెనుక సన్నగా పట్టుకుంటే చాలు. పిల్లలు ఎక్కడో ఒకచోట అందుకుంటారు.

ఈరోజు మేము యంత్రము తేలేదు. మైకు మా అమ్మాయి ముందు మాత్రమే ఉంటుంది. వెనుక వరుసలవారికి గిటారు వినబడకపోవచ్చు. అందుకు మన్నించాలి. పాట వినబడితే చాలు.

అమ్మా, రా. మొదలుపెడదాము.