మూలపడిన చర్చలు: ఏది ముగించాలి, ఏది తిరగదోడాలి?

(కాట్‌బస్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆదివారం విశ్రాంతి మానుకుని బెర్లిన్, డ్రెస్డెన్‌ల నుంచి రైలెక్కి వచ్చిన మిత్రులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

మనం నలుగురం కలిస్తే కాఫీ చల్లారేలోగా ఒక వాదన మొదలవుతుంది. రాష్ట్రాన్ని విడదీయడం న్యాయమా, అన్యాయమా? మిత్రులారా, ఆ చర్చ 2014 జూన్ 2న ముగిసింది. దాన్ని మాత్రం ఇంకా లాగుతూనే ఉన్నాం. విభజన చట్టంలో తేలకుండా మిగిలిన విషయాలను అడిగేవారు లేరు. ముగిసినదాన్ని వదలం, ముగియనిదాన్ని పట్టించుకోం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఆ చట్టం తొమ్మిదో షెడ్యూలులో 91 ప్రభుత్వ కంపెనీలు, కార్పొరేషన్లు ఉన్నాయి. పదో షెడ్యూలులో 142 సంస్థలు ఉన్నాయి. ఉన్నత విద్యామండలి కేసులో సుప్రీంకోర్టు 2016 మార్చి 18న తీర్పు చెప్పింది. రెండు రాష్ట్రాలూ రెండు నెలల్లో ఒప్పందానికి రాకపోతే కేంద్రం కమిటీ వేయాలంది. అయినా ఎనిమిదేళ్ల తర్వాత, 2024 జూలై 6న, ముఖ్యమంత్రులు చంద్రబాబు నాయుడు, రేవంత్ రెడ్డి హైదరాబాదు ప్రజాభవన్‌లో కూర్చుని మళ్లీ కమిటీలు వేద్దామని అనుకోవలసి వచ్చింది.

చర్చ ఆగిపోతే నష్టమేముంది అనకండి. విద్యుత్ సంస్థలు 2015 జూన్‌లో రిలీవ్ చేసిన 1,157 మందిని అడగండి. వాళ్లు ఏ రాష్ట్రం ఉద్యోగులో తేల్చడానికి 2018లో సుప్రీంకోర్టు జస్టిస్ ధర్మాధికారిని నియమించవలసి వచ్చింది. మాట్లాడుకోవలసిన రెండు ప్రభుత్వాలు మాట్లాడుకోకపోతే నలిగేది ఇలాంటి సంసారాలే. పైగా మౌనం తటస్థం కాదు. ఆస్తి ఎవరి చేతిలో ఉంటే వారికే అది లాభం.

ఇప్పుడు మనం కూర్చున్న ఊరి సంగతి చూడండి. కాట్‌బస్ చుట్టూ లిగ్నైట్ గనులు. బొగ్గు ఆపాలా వద్దా అని ఇక్కడా ఏళ్ల తరబడి తగవు. 2018లో జర్మనీ ప్రభుత్వం గని ప్రాంతాలవారిని, కార్మిక సంఘాలను, పరిశ్రమలను, పర్యావరణవాదులను ఒకచోట కూర్చోబెట్టింది. 2019 జనవరిలో నివేదిక వచ్చింది. 2038 కల్లా బొగ్గు విద్యుత్తు ఆపాలని 2020లో చట్టం చేశారు. అంతటితో వదల్లేదు. 2022, 2026, 2029, 2032లలో సమీక్షించాలని చట్టంలోనే రాశారు.

అంతా సవ్యంగా నడిచిందని నేననను. 2022 సమీక్ష నివేదిక గడువుకు రాలేదు. కానీ తేదీ రాసి ఉంది కనుక, ఏదీ నివేదిక అని నిలదీయడానికి జనానికి ఆధారం దొరికింది. మనకు కొరవడింది అదే.

అందుకని మూడు పనులు చేద్దాం. ఒకటి, ఎవరు విడదీశారు, ఎవరు మోసపోయారు అన్న వాదనకు ఇక్కడే స్వస్తి చెబుదాం. రెండు, తేలని ఒక్కో అంశానికి మనలో ఒకరు బాధ్యత తీసుకుని, అది ఎక్కడ ఆగిందో, ఎవరి దగ్గర ఆగిందో ఒక్క పేజీలో రాయాలి. భారత పౌరులైనవారు సమాచార హక్కు చట్టం కింద కేంద్ర శాఖలకు ఇక్కడి నుంచే దరఖాస్తు పెట్టవచ్చు. రుసుము ఆన్‌లైన్‌లో కట్టే వీలు 2013 నుంచీ ఉంది. మూడు, మళ్లీ ఎప్పుడు కలుస్తామో తేదీ వేసుకుని లేద్దాం.

1956 పెద్దమనుషుల ఒప్పందాన్ని ఎవరూ రద్దు చేయలేదు, పట్టించుకోలేదంతే. 1969లో ఏం జరిగిందో మీకు తెలుసు. ఆ పాఠం ఒక్కసారి చాలు.