చక్కెర లేని బార్లు: చీటీలోని లెక్క



కడచిన సంక్రాంతికి అమెరికానుండి వచ్చిన మనుమడు మా మేనమామగారికి ఒక పెట్టె తెచ్చియిచ్చినాడు. మామగారు చాలయేండ్లుగా మధుమేహముతో నున్నవారు. పెట్టెలో పల్లీపట్టీవలె పొడవుగా, మెత్తగా, మిక్కిలి తియ్యగా నుండు ప్రొటీను బార్లు పండ్రెండు గలవు. పైకాగితముమీద ‘చక్కెర లేదు’ అని పెద్ద యక్షరములు. అరిసె ముట్టరాని పండుగలో ఇదియే భాగ్యమని ఆయన ఉదయ మొకటి, సాయంకాల మొకటి తినిరి. నాలవనాడు గ్లూకోమీటరులోని అంకె చూచి, “చక్కెర లేనిదాంట్లోంచి చక్కెర ఎట్లా పుట్టిందిరా, అబ్బాయీ?” అని నన్నడిగిరి. ఆయనకు చెప్పిన సమాధానమునే మీకును విన్నవించుచున్నాను.

మనకు తియ్యనిదెల్ల చక్కెరయే. చీటీ వ్రాయువారికి అట్లుగాదు. గ్లూకోజు, ఫ్రక్టోజువంటి ఒంటి అణువులును, రెండేసి కలిసిన సుక్రోజు, లాక్టోజువంటివియు మాత్రమే వారి లెక్కలో చక్కెరలు. అంతకంటె పొడవైన గొలుసులుగా నున్నవి ఆ పద్దులోనికి రావు. బియ్యమందలి పిండి గ్లూకోజు గొలుసే గదా! తిన్న కొలదిసేపటికే తెగి రక్తములో గ్లూకోజై చేరును. అయినను బియ్యపు సంచిమీద ‘చక్కెర సున్న’ యని అచ్చొత్తినచో అది అబద్ధము కానేరదు. మనదేశమున 2018 నాటి నిబంధనలనుబట్టి, నూరు గ్రాములలో చక్కెర అర గ్రామునకు మించనిచో ‘చక్కెర లేదు’ అని చెప్పుకొనవచ్చును. అమెరికాలోనైతే ఒక వడ్డనకు అర గ్రాముకంటె తక్కువ యుండవలెను.

మరి ఆ తీపి యెక్కడిది? తరచుగా పాలియోలులను ద్రవ్యములనుండి వచ్చును. వీనికే చక్కెర ఆల్కహాలులని మరియొక పేరు. పేరు విని మామగారు ఉలికిపడిరి గాని, వీనికి మద్యముతో పొత్తు లేదు. వీనిలో నొకటియగు మాల్టిటాల్ కొంతవరకు జీర్ణమై, చక్కెర చేయు పనిలో ఇంచుమించు సగము చేయును. మరియొకటియగు ఎరిత్రిటాల్ రక్తములో ప్రవేశించియు, చాలవరకు మార్పుచెందకయే మూత్రముతో వెడలిపోవును. గ్లూకోజును దాదాపు పెంచదు. గుణమున ఇంత భేదముగల రెంటిని చీటీ ఒకే పద్దున వేయుచున్నది. ఏది వాడినారో తెలియుటకు క్రింద సన్నని యక్షరములలోనున్న దినుసుల పట్టికను చూడవలసినదే. పాలియోలులు మితిమీరినచో కడుపుబ్బరమును, విరేచనములును కలుగును. మామగారికి అదియు అనుభవమైనది.

ఇక లెక్కకు వత్తము. అమెరికా పద్ధతిలో పిండిపదార్థముల మొత్తమును నేరుగా తూచరు. వస్తువు బరువులోనుండి నీరు, మాంసకృత్తులు, క్రొవ్వు, బూడిద తీసివేయగా మిగిలినదంతయు పిండిపదార్థమే యందురు. పంతొమ్మిదవ శతాబ్ది చివర ఆట్‌వాటర్ అను రసాయనవేత్త ఆహారపట్టికలు కూర్చిన నాటినుండియు అచట ఇదియే వాడుక. 60 గ్రాముల బారు నొకదానిని ఊహింపుడు. మాంసకృత్తులు 20, క్రొవ్వు 8, నీరును బూడిదయు కలిసి 7. మిగిలినవి 25. ఆ యిరువదియైదులో పీచు 6, మాల్టిటాల్ 14. వర్తకుడు ఈ రెంటిని పూర్తిగా తీసివేసి, ‘నికర పిండిపదార్థములు 5’ అని ముందువైపున వేయును. ఈ ‘నికర’ మను మాటకు అమెరికా చట్టములో నిర్వచనమే లేదు. పీచు తీసివేయుట కొంత న్యాయమే. మాల్టిటాలును మాత్రము సగమే తీసివేయుట యుక్తము. అట్లు చేసిన మిగులునది 5 కాదు, 12. దినమునకు రెండు బార్లైనచో 24.

పీచు విషయమునందును చిక్కు లేకపోలేదు. ఐసోమాల్టో ఒలిగోసాకరైడు అను పానకమును కొందరు పీచుగా లెక్కించి అమ్మిరి. అది చాలవరకు జీర్ణమగునదే యని పరీక్షలలో తేలెను. అమెరికా ఆహార ఔషధ శాఖ దానిని పీచుగా అంగీకరింపలేదు.

లండనునుండి వచ్చిన బారైనచో లెక్క వేరు. 1929లో మక్కాన్సు, లారెన్సు అను నిద్దరు అచట ఒక గ్రంథము ప్రకటించి, దేహమునకు ఉపయోగపడు పిండిపదార్థమును, పడనిదానిని వేరుచేసి చూపిరి. లారెన్సు వైద్యుడే గాక స్వయముగ మధుమేహి. 1923లో ఇన్సులిన్ అందుటచే బ్రదికినవాడు. తన భోజనమునకు తానే లెక్క కావలసినవాని చేతిలో శాస్త్ర మిట్లు నిగ్గుదేలినది. నేటికిని బ్రిటనులోను ఐరోపాలోను పిండిపదార్థముల అంకెలో పీచు చేరదు. దానికి వేరు వరుస గలదు. ఆ చీటీనుండి మరల పీచును తీసివేసినచో ఒకే బాకీని రెండుమారులు కొట్టివేసినట్లగును. పాలియోలులు మాత్రము అచట పిండిపదార్థముల అంకెలోనే యుండును.

ఈ భేదము పరాయి సరకునకే పరిమితము కాదు. నూరు గ్రాముల రాగులలో పిండిపదార్థములు 72 గ్రాములని మన పాత పట్టిక చెప్పును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలో అవి సుమారు 67. రాగులు మారలేదు. పాతవారు ముతకపీచును మాత్రమే కొలిచి 3.6 అనిరి, క్రొత్తవారు పీచునంతయు కొలువగా 11 పైబడినది. ముఖ్యముగా అందువలననే యీ తేడా.

తుదకు మామగారు బార్లను పారవేయలేదు. అర్ధభాగము తిని, దానిని ఆనాటి అన్నములో తగ్గించుకొనుచున్నారు.

మరియొక మాట చెప్పి ముగింతును. ఇన్సులిన్‌గాని, కొన్ని మాత్రలుగాని వాడువారికి ఒక్కొక్కప్పుడు రక్తములో గ్లూకోజు పడిపోయి చెమటలు పట్టును, చేతులు వణకును. ఆ సమయమున తియ్యగా నున్నదిగదా యని ఈ బారును నోటికందింపకుడు. దానివలన గ్లూకోజు వేగముగా పెరుగదు. తెలివియుండి మ్రింగగలవారికి మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగింపుడు. పదునైదు నిమిషములకు మరల పరీక్షింపుడు. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయక, వెంటనే వైద్యునియొద్దకు గొనిపొండు.