రెండో పరీక్ష వచ్చేదాకా

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక దంపతుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. మాట్లాడేది ఒకరమే అయినా ఇద్దరం కూర్చుని రాసుకున్న మాటలివి. అందుకే 'మేము' అనే చెబుతాం.

మాది చిన్న సంసారం. బజారులో బండి సీట్లు కుట్టే కొట్టు ఉంది. జకాత్ తీసుకునేంత పేదవాళ్ళం కాదు, పదిమందికి ఇచ్చేంత ఉన్నవాళ్ళమూ కాదు. సొసైటీ పంచే రంజాన్ కిట్లను ఆటోలోకి ఎక్కించడం వరకే మా సేవ. మా ఇంటికే సొసైటీ రావలసి వస్తుందని మేం అనుకోలేదు.

పెళ్ళయిన ఆరేళ్ళకు మాకు పాప పుట్టింది. ఆదివారం మధ్యాహ్నం కాన్పు. సుఖప్రసవం కాబట్టి ఇంటికి పంపేయమని మేమే తొందరపెట్టాం. సోమవారం పొద్దున నర్సమ్మ వచ్చి పాప మడమ దగ్గర చిన్నగా గుచ్చి, అట్టలాంటి కాగితం మీద నాలుగు చుక్కల రక్తం తీసుకుంది. పుట్టిన పిల్లలందరికీ చేసే పరీక్షేనని చెప్పింది. సంతకం పెట్టాం, ఆ సంగతి మరిచిపోయాం. ఆ సాయంత్రానికే ఇంటికి వచ్చేశాం.

శనివారం ఏడో రోజు, అఖీఖా. శుక్రవారం జుమా నమాజు అయి ఇంటికి రాగానే ఫోను వచ్చింది. "పాపకు థైరాయిడ్ పరీక్షలో ఎక్కువ చూపిస్తోంది. ఆలస్యం చేయకుండా మళ్ళీ రక్తం ఇవ్వాలి" అన్నారు. వెనకే వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 34 అని ఎర్ర అక్షరాల్లో ఉంది. 20 లోపు ఉండాలని పక్కనే రాసి ఉంది.

మేం చేసిన మొదటి తప్పు అప్పుడే చేశాం. ఫోనులో వెతికాం. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉండి, మందు పడకపోతే పిల్లలు ఎదగరని, బుద్ధిమాంద్యం వస్తుందని ఉంది. 'మందు పడకపోతే' అన్న మాట మా కళ్ళకు కనబడలేదు. మిగిలిందే కనబడింది. పాలు తాగి నిద్రపోతున్న పాప ముఖంలో ఆ రోగం గుర్తులు వెతకడం మొదలుపెట్టాం. నాలుక పెద్దదిగా ఉందా, ఏడుపు బొంగురుగా ఉందా అని చూశాం. అంతకు ముందు గంట వరకు ఆ ముఖంలో మాకు అందమే కనబడింది.

మాలో తల్లి అయినవారు గర్భంతో ఉండగా థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు. ఇంట్లో ఎవరో ఆ మాట ఎత్తారు. "తల్లిది బిడ్డకు వచ్చింది" అన్నారు. వాళ్ళు చెడు ఉద్దేశంతో అనలేదు. కానీ ఆ మాట పడ్డాక ఆమె పాపను ఒళ్ళోకి తీసుకోవడానికి కూడా భయపడింది. దాదీమా మాత్రం, "రేపు అఖీఖా. చుట్టాలు బయలుదేరి వస్తున్నారు. ఈ మాట బయటికి పొక్కితే ఆడపిల్ల జీవితమంతా వెంటాడుతుంది. సోమవారం చూద్దాం" అన్నారు. మాకూ అదే నయమనిపించింది. రెండు రోజులైనా ఆ మాట వినకుండా ఉండవచ్చనే ఆశ అది.

అఖీఖాకు గిన్నెలు అడగడానికి సొసైటీ గదికి వెళ్ళినప్పుడు మా ముఖం చూసి కార్యదర్శి భాయ్ గుచ్చి గుచ్చి అడిగారు. చెప్పాక ఆయన ఓదార్పు మాటలేమీ అనలేదు. "పద, బండి తీస్తాను" అన్నారు. అక్కడే ఉన్న ఇమామ్ సాబ్ కూడా, "వార్త వస్తే ముందు విచారించి నిర్ధారించుకోమని సూరా హుజురాత్ నేర్పుతోంది. మనుషులు తెచ్చిన వార్త గురించే కాదు బేటా, కాగితం తెచ్చిన వార్తకైనా ఆ పద్ధతి మంచిదే. వెళ్ళి రండి, దుఆ చేస్తాను" అన్నారు. ఖర్జె హసనా ఖాతాలోంచి మూడు వేలు తీసి చేతిలో పెట్టారు. నలభై కిలోమీటర్ల దూరంలోని పట్నానికి చేరేసరికి మగ్రిబ్ దాటింది.

అక్కడి పిల్లల డాక్టరమ్మ రిపోర్టు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "రక్తం ఎప్పుడు తీశారు?" అని. లెక్కపెడితే పాప పుట్టి ఇరవై గంటలే అయింది. అప్పుడు ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని మాకు అర్థమయ్యేలా చెప్పారు.

తల్లి కడుపులోని వెచ్చదనం నుంచి బయటి చల్లగాలిలోకి రాగానే ప్రతి బిడ్డ ఒంట్లోనూ టీఎస్‌హెచ్ ఒక్కసారిగా పెరుగుతుంది. అది రోగం కాదు, ఒళ్ళు కొత్త చోటికి అలవాటు పడే పద్ధతి. రెండు మూడు రోజుల్లో మెల్లగా తగ్గుతుంది. అందుకే ఈ పరీక్షకు వీలైతే 48 గంటలు దాటాక, మూడో రోజు ప్రాంతంలో రక్తం తీయడం మంచిది. తొందరగా ఇంటికి వెళ్ళే పిల్లలకు ముందే తీయాల్సి వస్తుంది. అటువంటప్పుడు ఎక్కువ చూపించే అవకాశం ఉంటుంది. "అట్లాగని ఇది అబద్ధమని నేను ఇప్పుడే అనను. నరం నుంచి రక్తం తీసి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ చూడాలి. రేపు సాయంత్రానికి తెలుస్తుంది. ఒకవేళ నిజమే అయినా భయపడకండి. రోజూ ఒక చిన్న మాత్ర పొడిచేసి తల్లిపాలలో కలిపి పట్టాలి. మొదటి రెండు వారాల్లో మొదలుపెడితే పిల్లలు అందరిలాగే ఎదుగుతారు, చదువుకుంటారు. ఖరీదైన మందు కూడా కాదు" అన్నారు.

ఆ తర్వాత తల్లి వైపు తిరిగి, "నువ్వు మాత్ర మానకుండా వేసుకోవడం బిడ్డకు మేలే చేసింది. నీ తప్పేమీ లేదు" అన్నారు. ఆ మాటకు మా ఇంటి మనిషి అక్కడే ఏడ్చేసింది. మధ్యాహ్నం నుంచి ఆమె ఏడవడం అదే మొదటిసారి.

మర్నాడు అఖీఖా జరిగింది. పాప తల వెంట్రుకలు తీయించి, వాటి ఎత్తు వెండి ఖరీదు సదఖాగా ఇచ్చాం. వచ్చినవాళ్ళందరూ ముబారక్ చెబుతున్నారు. మేం నవ్వుతూనే ఉన్నాం, ఫోను మాత్రం చేతిలోంచి దించలేదు. మగ్రిబ్ అజాన్ ముందు మెసేజి వచ్చింది. టీఎస్‌హెచ్ 4.8. ఫ్రీ టీ4 కూడా సరిగానే ఉంది. డాక్టరమ్మే ఫోను చేసి, "పాపకు ఏమీ లేదు, పాలు పట్టండి" అన్నారు. అల్హమ్దులిల్లాహ్ అన్నాం. దాదీమా ఆ రాత్రి షుక్రానా నమాజులో చాలాసేపు సజ్దాలోనే ఉండిపోయారు.

కథ ఇక్కడే ముగిసి ఉంటే ఈ రోజు మీ ముందు నిలబడేవాళ్ళం కాదు.

ఆ తర్వాత మేం ఊరంతా ఏం చెప్పుకున్నామో వినండి. "ఉత్తి పుణ్యానికి భయపెట్టారు, అంతా తప్పుడు రిపోర్టు" అని చెప్పుకున్నాం. కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాం. విన్నవాళ్ళు ఇంకో మాట కలిపారు: "డబ్బుల కోసమే ఈ పరీక్షలన్నీ." మేం కాదనలేదు. పడిన భయానికి కోపం ఎక్కడో ఒకచోట చూపించాలిగా.

ఎనిమిది నెలల తర్వాత మా దగ్గరి బంధువుల ఇంట్లో బాబు పుట్టాడు. వాళ్ళ అనుమతితోనే ఈ మాట చెబుతున్నాం. వాళ్ళకూ అలాంటి ఫోనే వచ్చింది. వాళ్ళు వెళ్ళలేదు. మేం పదకొండో రోజు బిడ్డను చూడటానికి వెళ్ళినప్పుడు మాటల్లో తెలిసింది. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, "మీ పాపకూ ఇట్లాగే చెప్పారు కదా, ఏమీ లేదుగా" అన్నారు.

మా కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. బాబు ఎప్పుడూ మగతగానే ఉన్నాడు, పాలకు లేపాల్సి వస్తోంది. కళ్ళలో పచ్చ ఇంకా తగ్గలేదు. ఆ పూటే అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఈసారి టీఎస్‌హెచ్ నూరు దాటింది, ఫ్రీ టీ4 బాగా తక్కువగా ఉంది. పన్నెండో రోజు మాత్ర మొదలైంది. ఇప్పుడు బాబుకు ఏడాదిన్నర. నడుస్తున్నాడు, మాటలు వస్తున్నాయి. డాక్టరమ్మ చెప్పిన గడువుల్లో రక్తం చూపిస్తున్నారు. అల్లాహ్ దయవల్ల సమయానికి అందింది. ఇంకో నెల ఆగి ఉంటే మా నోటి మాటే ఆ బిడ్డకు చేటు చేసి ఉండేది.

అప్పటి నుంచి 'తప్పుడు రిపోర్టు' అనే మాట మా ఇంట్లో వాడం. ఈ పరీక్ష జల్లెడ లాంటిదని డాక్టరమ్మ చెప్పారు. జల్లెడ పట్టినప్పుడు పైన నిలిచినవన్నీ రాళ్ళు కావు, పెద్ద గింజలు కూడా నిలుస్తాయి. అందుకే వాటిని చాటలో వేసి ఏరుకుంటాం. రెండో పరీక్ష అటువంటిది. మన దేశంలో ఈ లోపం సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందంటారు. ఆ ఒక్కరిని వదలకూడదని జల్లెడ పడితే, ఏ లోపమూ లేని కొందరు పిల్లలు కూడా పైన నిలుస్తారు. వాళ్ళ తల్లిదండ్రులకు రెండు రోజుల భయం తప్పదు. ఆ భయం మేం పడ్డాం. కానీ ఆ జల్లెడే లేకపోతే మా బంధువుల బాబు కిందికి జారిపోయేవాడు.

ఇక మాకు అనుభవం నేర్పినవి నాలుగు మాటలు.

ఫోను రాగానే అడగవలసినవి మూడే: రక్తం పుట్టిన ఎన్ని గంటలకు తీశారు, ఇప్పుడు ఏ పరీక్ష చేయించాలి, ఎప్పటిలోగా చేయించాలి. జవాబులు కాగితం మీద రాసుకోండి. భయంలో ఉన్నప్పుడు చెవికి సగమే వినబడుతుంది.

రెండో రిపోర్టు వచ్చేదాకా కుటుంబం గ్రూపులో పెట్టకండి. నలభై మంది సలహాలకు జవాబు చెప్పే ఓపిక ఆ పూట ఎవరికీ ఉండదు. నమ్మకమైన ఒక్కరికి చెప్పుకోండి చాలు.

తల్లిని నిందించకండి, ఎవరైనా నిందిస్తే ఊరుకోకండి. బిడ్డకు పాలు ఆపకండి. దుఆ చేయండి. అయితే దుఆ చేస్తున్నాం కదా అని పరీక్ష వాయిదా వేయకండి.

పరీక్షలో ఏమీ లేదని తేలితే ఆ సంగతి నలుగురికీ పూర్తిగా చెప్పండి. "భయపెట్టారు" అని ఆపేయకుండా, "మళ్ళీ పరీక్ష చేయించాం కాబట్టి తెలిసింది" అనేదాకా చెప్పండి.

దాతలకు మా మనవి ఒక్కటే. ఆ శుక్రవారం మా దగ్గర మూడు వేలు లేవు. అడగడానికి ముఖం చెల్లలేదు. మాలాంటి ఇళ్ళు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. జకాత్ జాబితాలో వాళ్ళ పేర్లు ఉండవు, ఉండకూడదు కూడా. పసిపిల్లల రెండో పరీక్ష కోసం లిల్లాహ్ నిధిలోనో ఖర్జె హసనాలోనో కొంత విడిగా పెట్టమని కమిటీని కోరాం. ఒప్పుకున్నారు. మేం తీసుకున్న మూడు వేలు తిరిగి కట్టి, మరో మూడు వేలు ఆ ఖాతాలో మొదటి జమగా వేశాం. మీలో బండి ఉన్నవాళ్ళు బండి ఇవ్వండి. పట్నం ఆసుపత్రుల్లో తెలిసినవాళ్ళు ఉంటే ఆ పరిచయం ఇవ్వండి. ఏమీ లేనివాళ్ళు ఆ రాత్రి రిపోర్టు వచ్చేదాకా పక్కన కూర్చోండి. కార్యదర్శి భాయ్ మాకు చేసింది చాలావరకు అదే.

అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యం, ఆయుష్షు ప్రసాదించుగాక. రోగంతో ఉన్నవారికి షిఫా ఇచ్చుగాక. మీరిచ్చే ప్రతి పైసానూ స్వీకరించుగాక. ఆమీన్.