సైకిల్ పోయిన మనిషి సిన్మా

(ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచ సిన్మాలల్ల ఏవి చూడాలె సార్ అని పోరగాండ్లు అడుగుతుంటరు. వంద పేర్లు రాసిస్తే ఒక్కటి గూడ చూడరు. అందుకే ఒక్కటే చెప్త. 1948ల ఇటలీల విట్టోరియో డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్'. సైకిల్ దొంగలు. ఇయ్యాల మీకు చూపెట్టబోయేది గదే.

కథ చానా చిన్నది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. రోమ్ నగరంల కొలువులు లేవు. ఆంటోనియో అనేటాయనకు గోడలకు పోస్టర్లు అంటించే కొలువు దొరుకుతది. గాని సైకిల్ ఉన్నోనికే ఆ కొలువు. ఆయన సైకిలేమో కుదువల ఉన్నది. పెండ్లాం మరియా మంచం మీది దుప్పట్లు గుంజి మూటగడ్తది. అవి కుదువబెట్టి సైకిల్ ఇడిపించుకుంటరు. ఇక్కడ జెర కండ్లు పెట్టి చూడుండ్రి. ఆ మూటను లోపటి మనిషి తీస్కపోతడు. మిద్దెంత ఎత్తు అరలు, అరల నిండ గసొంటి మూటలే. వాడు మీదికి ఎక్కుకుంట పోతనే ఉంటడు. ఊరు ఊరంత దుప్పట్లు లేకుండ పండుకుంటున్నదని మనకు సమజైతది. పేదరికం మీద పది ఉపన్యాసాలు ఇన్నా గంత తెల్వదు, నాది గూడ కలుపుకొని.

మొదటి రోజే సైకిల్ పోతది. అప్పుడు ఆయన గోడకు అంటిస్తున్నదేంది? హాలీవుడ్ తార రీటా హేవర్త్ పోస్టర్. దాని మీద డి సికా ఒక్క మాట అనడు.

పోలీసుల తానకు పోతే నువ్వే ఎతుక్కో అంటరు. కొడుకు బ్రూనోను ఎంటబెట్టుకొని తండ్రి ఊరంత తిరుగుతడు. అంగట్ల టైర్లు ఒక దిక్కు, గంటలు ఒక దిక్కు అమ్మకానికి పెట్టి ఉంటయి. తన సైకిల్ ఏ ముక్కలల్ల కలిసిపోయిందో! అఖరుకు దొంగ ఇల్లు దొరుకుతది. అదీ ఆంటోనియో ఇంటి కన్న హీనంగ ఉంటది. ఇగ ఎవర్ని కొట్టాలె? సిన్మా పేరుల 'దొంగ' కాదు, 'దొంగలు' అని ఎందుకున్నదో మాత్రం నేను చెప్ప. చివర్ల మీకే తెలుస్తది.

ఆంటోనియో వేషమేసిన లాంబెర్టో మజ్జొరాని నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. క్యారీ గ్రాంట్‌ను పెట్టుకుంటే పైసలిస్తనని హాలీవుడ్ నిర్మాత సెల్జ్‌నిక్ అన్నడు. డి సికా ఒప్పుకోలే. సిన్మా ప్రపంచమంత ఆడింది గాని, మజ్జొరానికి ఫ్యాక్టరీల ఉన్న పని గూడ పోయింది. అది ఇంకో కథ, దాన్ని ఎవరూ సిన్మా తియ్యలే.

1950ల లండన్‌ల ఈ బొమ్మ చూసే సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి' తియ్యాలని గట్టిగ అనుకున్నడు. 1955ల తీసిండు. మన తాన బి. నర్సింగరావు 1988ల 'దాసి' తీసిండు. నిజాం కాలం నాటి గడి, అందుల ఒక దాసి బతుకు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డొచ్చింది. తెలుగు సిన్మా మన యాసను ఏండ్లకేండ్లు రౌడీలకు, నవ్వించెటోళ్లకు పెట్టింది. 'దాసి'ల అదే యాస ఒక ఆడమనిషి దుఃఖం చెప్పింది. చూడనోళ్లుంటే తప్పకుండ చూడుండ్రి.

ఫోన్ల షార్ట్ ఫిలిమ్‌లు తీస్తున్న తమ్ముళ్లు ఈడ మస్తుమంది ఉన్నరు. మీరు పంపినవి చూస్తున్న. అన్నిట్ల హీరో నడుసుకుంట వస్తడు, ఎనుక దుమ్ము లేస్తది. మీ గల్లీల పంచరేసే తాత మొఖం మీద కెమెరా ఒక్క నిమిషం ఎందుకు నిలబడదు? ఇయ్యాల సిన్మా గంటన్నర. రోమ్ గల్లీల కెమెరా ఎక్కడ ఆగుతదో, ఎంతసేపు ఆగుతదో లెక్కబెట్టుండ్రి. చూసినంక మాట్లాడుకుందం. లైట్లు తియ్యి తమ్మీ.