వినయ భయభక్తులు

ఈ వారం ఒక్క మాట గురించే మాట్లాడదామనుకుంటున్నాను. భయభక్తులు. మన తెలుగులో ఈ రెండూ జంటగానే నడుస్తాయి. క్రైస్తవులు కానివారి ఇళ్ళల్లో కూడా గురువుగారి దగ్గర భయభక్తులతో ఉండాలనే అంటారు. ఇక్కడ అమెరికాలో పుట్టిన మన పిల్లలకు మాత్రం ఈ జంట కుదరదు. భయం అనగానే వాళ్ళకు గుర్తొచ్చేది హారర్ సినిమా. "దేవుడు ప్రేమ అంటారు, మళ్ళీ భయపడమంటారు, ఏది నిజం నాన్నా?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. "అలా అడక్కూడదు, కళ్ళు పోతాయి" అని నోరు మూయిస్తే ఆ పిల్లవాడు కాలేజీకి వెళ్ళిన మొదటి ఆదివారమే మందిరం మానేస్తాడు.

హెబ్రీయులకు రాసిన పత్రిక పన్నెండో అధ్యాయం చివర్లో, దేవుణ్ణి ఎలా సేవించాలో చెబుతూ రెండు గ్రీకు మాటలు వాడారు. మన తెలుగు బైబిల్లో అవి వినయ భయభక్తులు అయ్యాయి. మొదటిది యులాబేయా. పట్టుకున్నదాన్ని జాగ్రత్తగా పట్టుకోవడం అనే భావం దాని మూలంలో ఉంది. పురిటిబిడ్డను ఎత్తుకునేటప్పుడు మన చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి చూడండి, అలాంటిది. బిడ్డ మనల్ని ఏదో చేస్తుందని కాదు కదా ఆ జాగ్రత్త! ఇదే మాట అదే పత్రిక అయిదో అధ్యాయంలో యేసుప్రభువు ప్రార్థన గురించి కూడా వస్తుంది. కుమారుడే తండ్రి ముందు అలా నిలిచాడన్నమాట. రెండో మాట దేయోస్. కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటే ఉంది. చాలా పెద్దదాని ఎదుట నిలబడినప్పుడు మాట రాని స్థితి అది. నయాగరా దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడ్డవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడినుంచి పారిపోవాలనిపించదు, వేళాకోళమూ తోచదు. ప్రేమ ఉన్నచోట నిలవని భయం అని యోహాను తన మొదటి పత్రికలో అన్నది వేరు. అది దెబ్బలు పడతాయని వణికే భయం. పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఈ తేడా చెబితే అర్థం చేసుకుంటారు.

ఊళ్ళల్లో మన పెద్దలు ఇదంతా చెప్పేవారు కాదు, చేసి చూపించేవారు. గుమ్మం బయట చెప్పులు, తలమీద కొంగు, చాపమీద మోకాళ్ళు. ఇక్కడ చాలా తెలుగు సంఘాలు అమెరికన్ చర్చివాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం వాళ్ళ హాల్లోనే కూడుకుంటున్నాయి. కుర్చీలు, కార్పెట్టు, కాళ్ళకు మంచు బూట్లు. నాకు బూట్ల పట్టింపు లేదు. ఆ గుర్తులు తీసేశాక వాటి స్థానంలో ఏం పెట్టుకున్నామన్నదే నా బాధ. కొడుకు జీన్స్ మీద విరుచుకుపడే తండ్రి, వాక్యం చదువుతుండగా క్రికెట్ స్కోరు చూసుకుంటాడు. పిల్లలు మన మాట వినకపోవచ్చు గానీ మన బొటనవేలు ఫోనుమీద ఎటు కదులుతోందో కనిపెడుతూనే ఉంటారు. 2020లో కోవిడ్ వల్ల తలుపులు మూసినప్పుడు అలవాటైన ఆన్‌లైన్ ఆరాధన రాత్రి డ్యూటీ చేసే నర్సులకూ, మంచంలో ఉన్న పెద్దవాళ్ళకూ ఇప్పటికీ వరమే. ఆరోగ్యంగా ఉండి, సోఫాలో దోసె తింటూ చూసేవాళ్ళ సంగతి వాళ్ళే ఆలోచించుకోవాలి.

మరి ఆచారాల్లో కాకపోతే భయభక్తులు ఎక్కడ కనబడతాయి? మన ఒంగోలు చరిత్రలో ఒక సంగతి ఉంది. అక్కడ పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర, 1876-78 కరువులో జనానికి పని కల్పించడానికి బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వస్తూనే ఉన్నారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో వాళ్ళకే తెలియని పరిస్థితిలో నీళ్ళలో దింపకూడదని పదిహేను నెలలు ఆపేశాడు. సహాయం పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ అంకెనే గొప్పగా చెప్పుకుంటారు. నాకు ఆ పదిహేను నెలలే గొప్పగా కనబడతాయి. లెక్క పెరుగుతుందని తెలిసీ చెయ్యి వెనక్కి తీసుకోవడం, పట్టుకున్నదాన్ని జాగ్రత్తగా పట్టుకోవడం అంటే అదే.

ఇంకొకటి కొరింథు. అక్కడివాళ్ళు ప్రభువు బల్లను అవమానిస్తున్నారని పౌలు మొదటి పత్రిక పదకొండో అధ్యాయంలో గట్టిగా మందలించాడు. వాళ్ళు చేసిన తప్పేమిటి? బట్టలు సరిగ్గా లేకపోవడమా? గట్టిగా పాడటమా? కాదండీ. ఉన్నవాళ్ళు ఎవరి భోజనం వాళ్ళు ముందే కానిచ్చేశారు. లేనివాళ్ళు ఆకలితో మిగిలారు, కొందరేమో తాగి ఉన్నారు. ఒకరికోసం ఒకరు ఆగండని పౌలు చెప్పవలసి వచ్చింది. పక్కవాడి ఆకలి కనబడకపోవడమే ఆయన దృష్టిలో దేవుని ఎదుట అమర్యాద.

దీన్ని మన పాట్‌లక్ దగ్గర పెట్టి చూడండి. ఆఖరి ప్రార్థన ఇంకా అవకుండానే వంటగదిలో ఫాయిల్ ట్రేల చప్పుడు మొదలవుతుంది, బిర్యానీ వాసన హాలంతా పాకుతుంది. "ఇండియన్ టైమ్" అని నవ్వుకుంటూ ముప్పావుగంట ఆలస్యంగా వచ్చిన కుటుంబం లైనులో ముందుంటుంది. షిఫ్టు అయిపోయాక బస్సు పట్టుకుని వచ్చిన స్టూడెంటు కుర్రాడు, సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడతాడు. వాడిదీ ఆలస్యమే, కానీ ఆ రెండు ఆలస్యాలూ ఒకటేనా? ట్రేలు ఖాళీ అయ్యేదాకా "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగే పెద్దాయన ఒక్కరూ కనబడరు.

నెలలో మొదటి ఆదివారం బల్ల ఉండే సంఘాలు మనలో చాలా ఉన్నాయి. ఈసారి ట్రేల మూతలు ఆఖరి ఆమేన్ అయ్యేదాకా తీయొద్దని వంటగది చూసే అక్కలకు ముందే చెప్పండి. ఆ కుర్రాడి ప్లేటు మీ పిల్లల చేత పట్టించండి, ఎందుకో వాళ్ళు కారులో తప్పకుండా అడుగుతారు.